క్వాంటమ్ మెకానిక్స్ నుంచి పార్టికల్ ఫిజిక్స్ దాకా, చేత్తో లెక్కలు వేస్తూ సొంతంగా నేర్చుకోవడం ఎలా

క్వాంటమ్ నేర్చుకుందాం అని మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది పెట్టెలో మూసిపెట్టిన ష్రోడింగర్ పిల్లి కథ దగ్గరే ఆగిపోతారు. పిల్లి బతికుందా చచ్చిందా, మనం చూస్తేనే లోకం ఉంటుందా, లోకాలు కోట్లకొద్దీ ఉన్నాయా అంటూ నెలల తరబడి వీడియోలు చూస్తారు, కానీ ఒక కాగితం ఇచ్చి "ఈ ఎలక్ట్రాన్‌ని ఇంత కోణం తిప్పి కొలిస్తే ఎంత శాతం పైకి వెళ్తుంది" అని అడిగితే పెన్ను కదలదు. నిజానికి ఆ లెక్క పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పని ముందు చేసి పిల్లి దగ్గరికి తర్వాత వెళ్తే ఆ పిల్లి గొడవేంటో కూడా సరిగ్గా అర్థమవుతుంది.

అందుకే ఇక్కడ చెప్పే దారి మొత్తం ఒకే రూలు పట్టుకుని నడుస్తుంది. ఒక పని జరగడానికి ఎన్ని దారులుంటే ఒక్కో దారికి ఒక్కో నంబర్ ఉంటుంది, దాన్ని ఆంప్లిట్యూడ్ అంటారు, అది కాంప్లెక్స్ నంబర్ కావచ్చు, మైనస్ కూడా కావచ్చు. ఏ దారిన జరిగిందో ఎక్కడా ఏ ఆనవాలూ మిగలకపోతే ఆ నంబర్లని ముందు కలపాలి, తర్వాత వచ్చిన మొత్తం సైజుని (మాడ్యులస్‌ని) స్క్వేర్ చెయ్యాలి, వచ్చేదే ప్రాబబిలిటీ. స్టెర్న్-గెర్లాక్ ప్రయోగం నుంచి న్యూట్రినోలనే అతి తేలికైన కణాల దాకా ఇదే రూలు.

మ్యాథ్స్ ఎంత కావాలి అంటే మొదలుపెట్టడానికి చాలా తక్కువే. కాంప్లెక్స్ నంబర్లు కూడటం గుణించడం, 2×2 మ్యాట్రిక్స్, సైన్ కాస్, ప్రాబబిలిటీ అంటే ఏంటో ఒక అవగాహన, ఇంతే. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు తర్వాత కావాలి, గ్రూప్ థియరీ ఇంకా చాలా తర్వాత. "ముందు మ్యాథ్స్ అంతా పూర్తి చేసి అప్పుడు ఫిజిక్స్‌లోకి వస్తా" అనుకున్న వాళ్లు సాధారణంగా రారు, కాబట్టి అవసరం వచ్చినప్పుడు అక్కడికక్కడ నేర్చుకుంటూ పోండి.

మొదట రెండే స్థితులున్న లెక్క

1922లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టెర్న్, గెర్లాక్ అనే ఇద్దరు వెండి పరమాణువుల్ని ఒక అయస్కాంతం మధ్య నుంచి పంపించారు, ఆ అయస్కాంతం బలం ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ ఉండేలా చేశారు. పాత ఫిజిక్స్ ప్రకారం పరమాణువులు అన్ని రకాలుగా వంగి తెర మీద ఒక పొడుగాటి మచ్చ పడాలి. కానీ రెండుగా చీలింది, ఒకటి పైకి ఒకటి కిందికి, మధ్యలో ఏమీ లేదు. దీనికి కారణం ఎలక్ట్రాన్ స్పిన్, అంటే ఎలక్ట్రాన్‌కి పుట్టుకతో ఉండే, తిరగడం లాంటి ఒక గుణం. ఆ ఆలోచన వచ్చిందే మూడేళ్ల తర్వాత.

ఇప్పుడు కాగితం తీసుకోండి. నిలువుగా కొలిస్తే వచ్చే రెండు జవాబుల్ని "పై", "కింద" అందాం. అదే యంత్రాన్ని అడ్డంగా తిప్పి కొలిస్తే వచ్చేవి "కుడి", "ఎడమ". వీటి మధ్య సంబంధం ఇది:

కుడి = (పై + కింద) / √2
ఎడమ = (పై − కింద) / √2

తిప్పి రాస్తే పై = (కుడి + ఎడమ) / √2, కింద = (కుడి − ఎడమ) / √2. ఇది నిజంగా వస్తుందో లేదో మీరే కూడి చూసుకోండి, ఊరికే నమ్మొద్దు.

"పై" వచ్చిన పరమాణువుల్ని మాత్రమే తీసుకుని అడ్డంగా కొలిస్తే? కుడి ఆంప్లిట్యూడ్ 1/√2, స్క్వేర్ చేస్తే 1/2. సగం కుడి, సగం ఎడమ. ఇప్పుడు ఆ కుడి వాటిని మాత్రం తీసుకుని మళ్లీ నిలువుగా కొలవండి. మొదట్లో అన్నీ "పై" కదా, ఇప్పుడు కూడా పై రావాలి అనిపిస్తుంది, కానీ సగం కిందికి వెళ్తాయి. మధ్యలో అడ్డంగా కొలవడం వల్ల పాత సమాచారం పోయింది.

అసలు విషయం ఇక్కడుంది, దీని మీద కనీసం ఒక సాయంత్రం కూర్చోండి. మధ్య యంత్రంలో కుడి దారి ఎడమ దారి రెండూ తెరిచే ఉంచి, ఏది ఎటు వెళ్లిందో ఎక్కడా నమోదు కాకుండా, రెండు దారుల్నీ జాగ్రత్తగా మళ్లీ ఒక్కటి చేసి నిలువుగా కొలిస్తే ఏమవుతుంది? "పై" దగ్గర తేలడానికి రెండు దారులు. కుడి మీదుగా 1/√2 × 1/√2 = 1/2, ఎడమ మీదుగా 1/√2 × 1/√2 = 1/2. కలిపితే 1, స్క్వేర్ 1, అంటే నూటికి నూరూ పైకే. "కింద" దగ్గర తేలడానికి కుడి మీదుగా 1/2, ఎడమ మీదుగా మైనస్ 1/2, కలిపితే సున్నా. ఒక్కటి కూడా కిందికి వెళ్లదు.

ఇప్పుడు ఆగి ఆలోచించండి. ఎడమ దారి మూసేస్తే దాటిన వాటిలో సగం కిందికి పోతున్నాయి, కుడి దారి మూసేసినా సగం కిందికి పోతున్నాయి, రెండూ తెరిస్తే కిందికి పోయేవి అసలు లేవు. దారి ఒకటి ఎక్కువ ఇస్తే చేరేవి తగ్గిపోయాయి. మామూలు ప్రాబబిలిటీలో ఇది ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు, ఎందుకంటే అక్కడ మైనస్ లేదు. ఆ మైనస్ గుర్తే క్వాంటమ్ మెకానిక్స్. మిగతావన్నీ దాని మీద కట్టినవే.

కోణం 90 డిగ్రీలు కాకుండా వేరేదైతే రూలు కాస్ స్క్వేర్ ఆఫ్ సగం కోణం. 60 డిగ్రీలు తిప్పితే కాస్ 30 స్క్వేర్, 3/4. 120 తిప్పితే 1/4. 180 తిప్పితే సున్నా, అంటే పూర్తిగా తలకిందులు. ఈ 120కి 1/4 అనేది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో వాడతాం.

స్క్వేర్ చేస్తే ప్రాబబిలిటీ అని 1926లో చెప్పింది మాక్స్ బోర్న్. రెండు చీలికల ప్రయోగం కూడా ఇదే లెక్క, పై-కింద బదులు తెర మీద చోట్లు, అంతే. 1989లో టోనోమురా బృందం ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా పంపి ఫొటోలు వేసింది, మొదట తెర మీద అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు పడతాయి, వేలల్లోకి వెళ్లాక చారలు తేలతాయి. ఆ ఫొటోలు వెతికి చూడండి, ప్రతి ఎలక్ట్రానూ ఒకే చుక్కగా పడింది, చారలు మాత్రం ఆంప్లిట్యూడ్లు కలిపితే వచ్చేవే.

ష్రోడింగర్ ఈక్వేషన్‌లో ఎంత సేపు ఉండాలి

ఆంప్లిట్యూడ్లు కాలంతో ఎలా మారతాయో చెప్పే ఈక్వేషన్ ఇది. దీంతో మూడు లెక్కలు చేస్తే చాలు: డబ్బాలో కణం, స్ప్రింగు లాంటి ఆసిలేటర్, హైడ్రోజన్. డబ్బా లెక్క ఒక రోజులో అయిపోతుంది. హైడ్రోజన్ మొత్తం డెరివేషన్ పొడుగు, మొదటిసారి మధ్యలో వదిలేసినా నష్టం లేదు, కానీ జవాబుని వాడటం మాత్రం నేర్చుకోండి. ఎనర్జీ మైనస్ 13.6 భాగించు ఎన్ స్క్వేర్, ఎలక్ట్రాన్ వోల్టుల్లో, ఎన్ అంటే మెట్టు నంబర్. మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకి దిగితే 13.6 × (1/4 − 1/9) = 1.89. కాంతి తరంగ పొడవు కావాలంటే 1240ని ఈ నంబర్‌తో భాగించండి, నానోమీటర్లలో వస్తుంది, 656. హైడ్రోజన్ ట్యూబులో కనిపించే ఎర్ర గీత ఇదే. ఈ 1240 అనే నంబర్ నోటికి వచ్చేయాలి, ప్లాంక్ స్థిరాంకాన్నీ కాంతి వేగాన్నీ గుణించి యూనిట్లు మారిస్తే వచ్చేది ఇదే, రోజూ పనికొస్తుంది.

ఆసిలేటర్ మాత్రం అస్సలు వదలొద్దు. దాని ఎనర్జీ మెట్లు సమాన దూరంలో ఉంటాయి, ఒక మెట్టు ఎక్కించే ఆపరేటర్ ఒకటి, దించే ఆపరేటర్ ఒకటి ఉంటాయి. పుస్తకాల్లో ఇదొక చిన్న అందమైన ట్రిక్ లాగా కనిపిస్తుంది కానీ ముందుకెళ్తే తెలుస్తుంది, పార్టికల్ ఫిజిక్స్‌లో "ఇక్కడ మూడు ఫోటాన్లు ఉన్నాయి" అంటే చోటంతా పరుచుకుని ఉన్న కాంతి ఫీల్డులోని ఒక ఆసిలేటర్ మూడో మెట్టు మీద ఉంది అని అర్థం. మెట్టు ఎక్కించడం అంటే కణాన్ని పుట్టించడం. అందుకని ఎక్కించే దించే ఆపరేటర్లతో చేతులు తిరిగేదాకా లెక్కలు చెయ్యండి.

పునాదుల ప్రశ్నలు ఎప్పుడు పట్టుకోవాలి

ఇప్పుడు. రెండు స్థితుల లెక్క చేతికొచ్చాక, ఫీల్డుల్లోకి వెళ్లకముందు. కొంతమంది "నోరు మూసుకుని లెక్కలు వేసుకో, అర్థం గురించి అడగొద్దు" అంటారు, నేను దాన్ని ఒప్పుకోను. కొలవడం అంటే సరిగ్గా ఏంటి, ఎక్కడ సూపర్‌పొజిషన్ (రెండు స్థితులూ కలిసి ఉండటం) ఆగి ఒక్క జవాబు తేలుతుంది అన్నది నిజమైన ప్రశ్న, ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. కానీ ఆ చర్చలో మాట్లాడే ముందు చెయ్యాల్సిన లెక్క ఒకటుంది, బెల్ లెక్క.

1935లో ఐన్‌స్టైన్, పొడోల్‌స్కీ, రోజెన్ ముగ్గురూ కలిసి ఒక వాదన పెట్టారు. దూరంగా ఉన్న రెండు కణాల జవాబులు ముడిపడి ఉన్నాయంటే వాటికి ఆ జవాబులు ముందే రాసిపెట్టి ఉండాలి, క్వాంటమ్ మెకానిక్స్ అది చెప్పట్లేదు కాబట్టి అది అసంపూర్ణం అని. చాలా మంచి వాదన, తేలిగ్గా తీసుకోకండి. దాన్ని పరీక్షించే దారి 1964లో జాన్ బెల్ చూపించాడు, ఆయన ఉద్యోగం యూరప్ పార్టికల్ ఫిజిక్స్ ల్యాబ్ సెర్న్‌లో, రోజువారీ పని పార్టికల్ ఫిజిక్స్, యాక్సిలరేటర్లు.

లెక్క ఇలా వేసుకోండి. రెండు కణాలు ఒకే చోట పుట్టి చెరో వైపు వెళ్తాయి. రెండు చివర్లా యంత్రాలు, ఒక్కోదానికి మూడు కోణాలు, 0, 120, 240. ప్రతిసారీ ఎవరికి తోచిన కోణం వాళ్లు పెడతారు. ఇద్దరూ ఒకే కోణం పెడితే జవాబులు ఎప్పుడూ ఎదురెదురు, ఒకరికి పై అయితే ఇంకొకరికి కింద. లెక్క సుఖంగా ఉండటానికి రెండో వాళ్ల జవాబుని తిప్పి రాసుకుందాం, అప్పుడు ఒకే కోణానికి ఎప్పుడూ ఒకే జవాబు.

జవాబులు ముందే రాసి ఉన్నాయి అనుకోండి. అంటే ప్రతి జంట పుట్టినప్పుడే మూడు కోణాలకి మూడు జవాబులు మోసుకుని వస్తుంది, ఉదాహరణకి పై, పై, కింద. మొత్తం ఎనిమిది రకాల చీటీలు సాధ్యం. ఇద్దరూ వేర్వేరు కోణాలు పెట్టినప్పుడు జవాబులు ఎన్నిసార్లు కలుస్తాయి? చీటీలో మూడూ ఒకటే అయితే ఎప్పుడూ కలుస్తాయి. లేకపోతే రెండు ఒకలా ఒకటి వేరుగా ఉంటాయి, అప్పుడు మూడు జతల్లో ఒక్క జతే కలుస్తుంది, అంటే 1/3. ఇంతకన్నా తక్కువ ఇచ్చే చీటీ లేదు, ఎనిమిదీ రాసి చూసుకోండి. కాబట్టి చీటీలు ఎలా కలిపి పంపినా, కోణాలు ఎవరూ ముందే పసిగట్టకుండా ఎంచుకుంటున్నంత కాలం, కలిసేది సగటున 1/3కి తగ్గదు.

క్వాంటమ్ ఏమంటుంది? కోణాల మధ్య తేడా 120, కాస్ 60 స్క్వేర్, 1/4.

1/4, 1/3 కన్నా తక్కువ. అయిపోయింది. ఇంత చిన్న లెక్కలో "జవాబులు ముందే ఉన్నాయి, దూరంగా చేసే ఎంపిక ఇక్కడి జవాబుని మార్చదు" అనే రెండు నమ్మకాలూ కలిపి నిలబడలేవని తేలిపోతుంది. ఫోటాన్లతో ఇలాంటి పరీక్ష మొదట 1972లో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ చేశారు, 1982లో ఆస్పే బృందం ఫోటాన్లు దారిలో ఉండగానే కోణాలు మారేలా చేసింది, 2015లో ఫలితాన్ని వేరేలా వివరించడానికి మిగిలిన ముఖ్యమైన సందులు మూసి వేర్వేరు బృందాలు చేశాయి, ప్రకృతి ప్రతిసారీ క్వాంటమ్ లెక్క వైపే ఉంది. 2022 నోబెల్ ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌కి ఇచ్చింది ఈ పనికే. ఇంకో మాట, దీంతో కాంతి కన్నా వేగంగా మెసేజ్ పంపొచ్చు అని ఎవరైనా రాస్తే నమ్మకండి, ఒక చివర మాత్రమే చూస్తే ఎప్పుడూ సగం పై సగం కింద, అవతలి వాళ్లు ఏ కోణం పెట్టినా ఇవతల ఏ తేడా కనిపించదు. రెండు పట్టికలూ పక్కపక్కన పెడితేనే సంబంధం బయటపడుతుంది.

ఈ లెక్క అయ్యాక క్వాంటమ్‌కి అర్థం చెప్పే కోపెన్‌హాగెన్, మెనీ వరల్డ్స్, బోమ్ వివరణలన్నీ చదవండి. ప్రతి దాన్నీ ఒకే ప్రశ్న అడగండి, ఈ 1/4 దగ్గర నువ్వు ఏ నమ్మకం వదులుకున్నావు అని. బోమ్ దారి దూర ప్రభావాన్ని ఒప్పుకుంటుంది, మెనీ వరల్డ్స్ కొలతకి ఒక్కటే జవాబు ఉంటుందన్న మాటని వదులుతుంది. ఇలా చదివితే ఎవరు ఏం అంటున్నారో గందరగోళం ఉండదు.

పార్టికల్ ఫిజిక్స్‌లోకి దిగే మెట్టు

రిలేటివిటీ కలిస్తే కణాల సంఖ్య స్థిరంగా ఉండదు, ఎనర్జీ ఉంటే కొత్త కణాలు పుడతాయి. డిరాక్ 1928లో ఎలక్ట్రాన్‌కి రిలేటివిటీతో సరిపడే ఈక్వేషన్ రాస్తే ఎలక్ట్రాన్‌కి వ్యతిరేక కణం కూడా తప్పనిసరి అయింది, 1932లో ఆండర్సన్ క్లౌడ్ చాంబర్‌లో పాజిట్రాన్ గీత చూశాడు. కాబట్టి ఒక్క కణానికి వేవ్ ఫంక్షన్ (దాని ఆంప్లిట్యూడ్లన్నీ కలిపిన పట్టిక) అనే ఆలోచన సరిపోదు, ఫీల్డు కావాలి, కణం అంటే ఫీల్డులో ఒక మెట్టు. ఆసిలేటర్ మీద పెట్టిన కష్టం ఇక్కడ పనికొస్తుంది.

ముందు యూనిట్లు మార్చుకోండి. ఇక్కడ అందరూ బరువులు కూడా ఎనర్జీలోనే చెప్తారు, ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, జీఈవీ అంటే వంద కోట్లు. ఎలక్ట్రాన్ 0.511 ఎంఈవీ, దాని బరువైన అన్న లాంటి మ్యూయాన్ 105.66, ఒక క్వార్కు ఒక యాంటీ క్వార్కు కలిసిన పయాన్ 139.57, ప్రోటాన్ 938.27, న్యూట్రాన్ 939.57. దూరానికీ ఎనర్జీకీ మధ్య వంతెన ఒకే నంబర్, 197, ఎంఈవీ ఫెంటోమీటర్లు. ఫెంటోమీటర్ అంటే సుమారుగా ప్రోటాన్ సైజు. ఒక బలాన్ని మోసే కణం బరువు తెలిస్తే 197ని దాంతో భాగించండి, ఆ బలం ఎంత దూరం పనిచేస్తుందో వస్తుంది. పయాన్‌కి 197/140, దాదాపు 1.4 ఫెంటోమీటర్లు, న్యూక్లియస్ లోపలి బలం పరిధి ఇదే. యుకావా 1935లో ఇదే లెక్క వెనక్కి వేసి, ఇంత పరిధి ఉందంటే ఇంత బరువు కణం ఉండాలి అన్నాడు, 1947లో పయాన్ దొరికింది. న్యూట్రాన్ లాంటి కణాల్ని విడగొట్టే వీక్ ఫోర్స్‌ని మోసే డబ్ల్యూ బోసాన్ 80,400 ఎంఈవీ, 197ని భాగిస్తే 0.0025 ఫెంటోమీటర్లు, వీక్ ఫోర్స్ ఎందుకంత బలహీనంగా కనిపిస్తుందో ఈ ఒక్క భాగహారంలో సగం అర్థమవుతుంది.

స్టాండర్డ్ మోడల్ పట్టికని ఒక గంటలో చూసేయొచ్చు: ఆరు క్వార్కులు, ఆరు లెప్టాన్లు, బలాల్ని మోసే ఫోటాన్, గ్లూఆన్, డబ్ల్యూ, జెడ్, ఇంకా 2012 జూలై 4న సెర్న్ ప్రకటించిన హిగ్స్, దాని బరువు 125 జీఈవీ. ఇందులో ఒక అపోహ మాత్రం ఇప్పుడే వదిలించుకోండి. మన ఒంటి బరువంతా హిగ్స్ వల్ల అని చాలాచోట్ల రాస్తారు. ప్రోటాన్‌లోని రెండు అప్ క్వార్కులు ఒక డౌన్ క్వార్కు బరువులు కలిపితే 9 ఎంఈవీ దగ్గర, ప్రోటాన్ 938. మిగతా 99 శాతం గ్లూఆన్ల ఎనర్జీ, క్వార్కుల ఎనర్జీ.

కణాలు కలిసి విడిపోయే తీరుని గీతలతో చూపే ఫైన్‌మన్ డయాగ్రమ్స్ చూడగానే కణాలు నిజంగా ఆ గీతల మీద నడుస్తున్నాయి అనుకోవద్దు. ఒక్కో బొమ్మ ఒక్కో ఆంప్లిట్యూడ్, ఒక నంబర్. ఒకే మొదలూ ఒకే చివరా ఉన్న బొమ్మలన్నీ రాసి నంబర్లు కలిపి స్క్వేర్ చెయ్యాలి, వెండి పరమాణువుకి రెండు దారులు కలిపినట్టే. ఎలక్ట్రాన్ అయస్కాంతత్వం డిరాక్ చెప్పిన దానికన్నా కొంచెం ఎక్కువ, ఆ ఎక్కువ ఎంత అంటే మొదటి సవరణ 1/137ని (ఎలక్ట్రాన్‌కీ ఫోటాన్‌కీ మధ్య బలం చెప్పే నంబర్) 2πతో భాగిస్తే వచ్చేది, 0.00116. 1948లో ష్వింగర్ తేల్చిన లెక్క ఇది. ప్రయోగంలో కొలిచింది 0.0011597. ఒక్క అదనపు బొమ్మతోనే ఇంత దగ్గరికి వచ్చింది.

కణాల పట్టిక చదవడం

పార్టికల్ డేటా గ్రూప్ ప్రతి కణం బరువు, ఆయుష్షు, అది ఏయే కణాలుగా విడిపోతుంది అన్నీ ఉచితంగా పెడుతుంది. నా దృష్టిలో పార్టికల్ ఫిజిక్స్ నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. ఏదో ఒక డికే, అంటే కణం విడిపోవడం, తీసుకుని నాలుగు పరీక్షలు పెట్టండి: చార్జి సరిపోయిందా, బేరియాన్ల (ప్రోటాన్, న్యూట్రాన్ లాంటివి) లెక్క సరిపోయిందా, లెప్టాన్ల (ఎలక్ట్రాన్, మ్యూయాన్, న్యూట్రినో లాంటివి, యాంటీ కణానికి మైనస్) లెక్క సరిపోయిందా, ఎనర్జీ మిగిలిందా.

న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్, యాంటీ న్యూట్రినో విడుదల చేస్తుంది. చార్జి 0 = 1 − 1 + 0. బేరియాన్ 1 = 1. లెప్టాన్ 0 = 1 − 1. ఎనర్జీ 939.565 − 938.272 − 0.511 = 0.782 ఎంఈవీ మిగిలింది, సరే జరుగుతుంది. అంత తక్కువ మిగిలింది కాబట్టి నెమ్మదిగా జరుగుతుంది, విడి న్యూట్రాన్ సగటున 15 నిమిషాల దాకా ఉంటుంది. మ్యూయాన్ ఎలక్ట్రాన్‌గా మారి ఒక ఫోటాన్ వదలొచ్చా? చార్జి సరే, ఎనర్జీ కావాల్సినంత ఉంది, మొత్తం లెప్టాన్ల సంఖ్య కూడా సరిపోతుంది. అయినా ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు, లక్ష కోట్ల మ్యూయాన్లలో ఒకటి కూడా ఇలా చెయ్యదని ప్రయోగాలు చెప్తున్నాయి. మ్యూయాన్ రకం, ఎలక్ట్రాన్ రకం విడివిడిగా లెక్కలోకి వస్తాయని దీన్నుంచే తెలుస్తుంది.

ఒక్క డికే మాత్రం లోతుగా చెయ్యండి, చార్జి ఉన్న పయాన్. అది మ్యూయాన్ ప్లస్ న్యూట్రినోగా గానీ, ఎలక్ట్రాన్ ప్లస్ న్యూట్రినోగా గానీ మారొచ్చు. ఎలక్ట్రాన్ తేలిక, ఎనర్జీ ఎక్కువ మిగులుతుంది, కాబట్టి అటే ఎక్కువ వెళ్లాలి కదా? పట్టిక చూస్తే మ్యూయాన్ 99.99 శాతం, ఎలక్ట్రాన్ పదివేలలో ఒకటి. కారణం స్పిన్. పయాన్ స్పిన్ సున్నా, నిలబడి ఉంది, రెండు ముక్కలు ఎదురెదురుగా పోతాయి, వాటి స్పిన్లు కలిపి సున్నా కావాలి కాబట్టి రెండూ తమ ప్రయాణ దిక్కుతో పోలిస్తే ఒకే చేతివాటంగా తిరగాలి. వీక్ ఫోర్స్ మాత్రం కణాన్ని ఎడమవాటంగా, యాంటీ కణాన్ని కుడివాటంగానే పుట్టిస్తుంది. 1957లో వూ అనే శాస్త్రవేత్త చేసిన కోబాల్ట్ ప్రయోగంతో బయటపడ్డ ఎడమ కుడి తేడా ఇదే. అంటే ఒక ముక్క "తప్పు" వాటంతో పుట్టాలి, అది బరువు ఉన్న కణానికే సాధ్యం, బరువు ఎంత ఎక్కువైతే అంత తేలిక. ఎలక్ట్రాన్ చాలా తేలిక కాబట్టి దారి దాదాపు మూసుకుపోయింది.

లెక్క కూడా చేత్తో వస్తుంది. బరువుల నిష్పత్తి 0.511/105.66, స్క్వేర్ చేస్తే 0.0000234. మిగిలిన ఎనర్జీ వల్ల వచ్చే భాగం: పయాన్ బరువు స్క్వేర్ 19,480, దాంట్లోంచి మ్యూయాన్ బరువు స్క్వేర్ 11,164 తీస్తే 8,316, 19,480ని దీంతో భాగిస్తే 2.34, స్క్వేర్ 5.49. రెండూ గుణిస్తే 0.000128. ప్రయోగం చెప్పేది 0.000123. ఆ చిన్న తేడా ఫోటాన్లు కలిసిన అదనపు బొమ్మల వల్ల. కాలిక్యులేటర్ మీద ఈ నంబర్ చూసుకున్న రోజు పార్టికల్ ఫిజిక్స్ మీ సొంతం అయినట్టు అనిపిస్తుంది, ఎవరో చెప్పిన కథ లాగా ఉండదు.

జెడ్ బోసాన్‌తో ఇంకో చిన్నది. ఒక కణం ఆయుష్షు ఎంత తక్కువైతే దాని బరువు అంత వెడల్పుగా కనిపిస్తుంది. జెడ్ వెడల్పులో ఏ డిటెక్టర్‌కీ కనిపించని భాగం 499 ఎంఈవీ అని సెర్న్‌లో లెప్ యంత్రం కొలిచింది. ఒక రకం న్యూట్రినో జంటకి లెక్క ప్రకారం 167. భాగించండి, 2.99. తేలికైన న్యూట్రినోలు మూడే రకాలు, నాలుగోది ఉంటే జెడ్‌కి తెలిసేది.

వార్తల్లో "కొత్త కణం దొరికింది" అని వస్తే ఎన్ని సిగ్మా అని చూడండి. ఐదు సిగ్మా అంటే అసలు ఏమీ లేకపోయినా యాదృచ్ఛికంగా అంత పెద్ద గుట్ట కనిపించే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. మూడు సిగ్మాలు చాలాసార్లు వచ్చి మాయమైపోయాయి. సిగ్మా ఎక్కువున్నా పరికరంలో తేడా ఉంటే అది కాపాడదు, 2011లో న్యూట్రినోలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందు వచ్చాయన్న కొలతకి అసలు కారణం సరిగ్గా బిగించని ఒక ఫైబర్ కేబుల్.

మళ్లీ రెండు స్థితులు, ఈసారి న్యూట్రినోలతో

ఇక్కడిదాకా వచ్చాక మొదటి కాగితం తీసి పై, కింద చెరిపేసి న్యూట్రినో 1, న్యూట్రినో 2 అని రాయండి, ఇవి ఖచ్చితమైన బరువు ఉన్నవి. మ్యూయాన్ రకం న్యూట్రినో వీటి కలయిక, సుమారుగా కుడి = (పై + కింద)/√2 లాగానే, ఎందుకంటే ఇక్కడ కలిసే కోణం 45 డిగ్రీల దగ్గర ఉంది. బరువులు వేరు కాబట్టి ప్రయాణంలో రెండు ఆంప్లిట్యూడ్ల ఫేజులు (కాంప్లెక్స్ నంబర్ కోణాలు) వేర్వేరు వేగంతో తిరుగుతాయి. కొంత దూరం పోయేసరికి ప్లస్ కాస్తా మైనస్ అవుతుంది, అంటే "కుడి" కాస్తా "ఎడమ" అయింది, మ్యూయాన్ రకం బయల్దేరి టావు అనే ఇంకో రకంగా చేరింది.

ఎంత దూరంలో? ఫార్ములాలో కోణం రేడియన్లలో 1.27 × బరువుల స్క్వేర్ల తేడా × దూరం / ఎనర్జీ. తేడా 0.0025 ఎలక్ట్రాన్ వోల్ట్ స్క్వేర్, దూరం కిలోమీటర్లలో, ఎనర్జీ జీఈవీలో. ఇది 1.571 అయితే మార్పు పూర్తి. 1 జీఈవీ న్యూట్రినోకి 1.571/(1.27 × 0.0025), 495 కిలోమీటర్లు. ఇప్పుడు చూడండి, ఆకాశంలో పుట్టి నెత్తి మీద నుంచి వచ్చే న్యూట్రినో ప్రయాణం 15 కిలోమీటర్లు, మారడానికి టైమే లేదు. భూమికి అవతలి వైపు నుంచి వచ్చేది 12,700 కిలోమీటర్లు దాటి వస్తుంది, చాలాసార్లు అటూ ఇటూ మారిపోయి సగటున సగమే మ్యూయాన్ రకంగా మిగులుతుంది. 1998లో జపాన్‌లోని సూపర్ కమియోకాండే 50,000 టన్నుల నీళ్లతో చూసింది సరిగ్గా ఇదే, కింద నుంచి వచ్చేవి దాదాపు సగం తగ్గాయి. న్యూట్రినోకి బరువు ఉందని అలా తెలిసింది.

తర్వాత జపాన్‌లోనే టోకాయ్ అనే చోట న్యూట్రినో బీమ్ తయారుచేసి అదే డిటెక్టర్ వైపు పంపారు. దూరం 295 కిలోమీటర్లు. పెట్టిన ఎనర్జీ 0.6 జీఈవీ. 295ని 0.6తో భాగించి చూడండి, 492 వస్తుంది, మీరు లెక్కేసిన 495కి పక్కనే. ఆ ఎనర్జీ ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఇప్పుడు కడుతున్న డ్యూన్ ప్రయోగంలో దూరం 1,300 కిలోమీటర్లు. దాని బీమ్ ఎనర్జీ ఎక్కడ పెట్టాలో మీరే లెక్క వేయండి, 2.6 జీఈవీ దగ్గర రావాలి. వచ్చాక మూడో న్యూట్రినోని కూడా కలిపి 3×3 మ్యాట్రిక్స్‌తో ఇదే లెక్క మళ్లీ వేయండి, అందులో ఒక కాంప్లెక్స్ ఫేజు తేలుతుంది, న్యూట్రినోకీ యాంటీ న్యూట్రినోకీ తేడా చూపించేది అదే, డ్యూన్ కొలవబోయేది కూడా దాన్నే.